బడి గడప దాటవలసిన పుస్తకము



మాధాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో ఏ పాఠశాలకు పోయి ‘మీ బడిలో గ్రంథాలయ మున్నదా?’ యని అడిగినను, లేదని చెప్పిన ప్రధానోపాధ్యాయుడు నాకింతవరకు తారసపడలేదు. కొందరు మేడమీది విశాలమైన చల్లని గదిని చూపింతురు. కొందరు సిబ్బంది గదిలో గోడవార నిలిపిన రెండు ఇనుప బీరువాలను చూపింతురు. ‘సంతోషము, నిన్న ఎన్ని పుస్తకములు పిల్లలతో ఇంటికి పోయినవి?’ అని రెండవ ప్రశ్న వేసినప్పుడు మాత్రము చల్లని గదివారును బీరువాలవారును ఒక్క తీరుగనే క్షణకాలము తటపటాయింతురు. ఆ రెండవ ప్రశ్నను గురించియే నేడు మీతో ముచ్చటింపదలచితిని. పాఠశాలలో గ్రంథాలయము పేర జరుగు కథాకాలక్షేపములు, ప్రదర్శనలు, పోటీలు, వారోత్సవములు అన్నియు పుస్తకము బడి గడప దాటి పిల్లవాని సంచిలో ఇల్లు చేరుటకు తోడ్పడినచో సార్థకములగునని, తోడ్పడనిచో ఒకనాటి వేడుకగా ముగిసిపోవునని నా విశ్వాసము.

1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాధాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిన నాడు ఆ చుట్టుపట్ల రాతిగుట్టలును, చెరువులును, పాత పల్లెలును మిగిలియుండెను. పాతికేండ్లలో ఆ పల్లెల పేర్లే దేశదేశముల కంప్యూటరు నిపుణుల నోళ్ల నానుచున్నవి. నేడచ్చట బడికి పోవు పిల్లలలో, తాతముత్తాతల నాటి నుండి కొత్తగూడలోనో రాయదుర్గములోనో ఉన్న ఇండ్ల బిడ్డలున్నారు; కోస్తా నుండియు, రాయలసీమ నుండియు, ఉత్తర భారతము నుండియు ఉద్యోగములకై వచ్చిన ఇంజనీర్ల బిడ్డలున్నారు; ఆ ఇంజనీర్లు కూర్చుండు అద్దాల మేడలను కట్టుటకు పాలమూరు నుండి, ఒడిశా నుండి, బీహారు నుండి తరలివచ్చిన కూలీల బిడ్డలున్నారు. పసుపుపచ్చని బస్సులో పోవు బిడ్డకును, కాలినడకన పోవు బిడ్డకును కాలపట్టికలో ‘లైబ్రరీ’ యని ఒక గంట వ్రాసియే యుండును. ఆ గంటలో ఆ బిడ్డకు దక్కునదేమి యనునదే ప్రశ్న.

పుస్తకమును పాఠకుని చెంతకు చేర్పవలెనను తపన ఈ నగరమునకు కొత్తది కాదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన, తెలుగునకు రాజాదరణము లేని నిజాము రాజ్యమున, కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు మున్నగు పెద్దలు కూడి హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. ఆ భాషానిలయము సుల్తాను బజారులో నేటికిని నిలిచియున్నది. దాని ప్రేరణముననే 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయము వెలసినది. అటు తర్వాత వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, తాము అచ్చువేసిన పుస్తకములను తామే మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. కృష్ణానదికి ఆవలి తీరమున, గుంటూరు సీమలో, పాతూరి నాగభూషణముగారు 1935లో కాలువమీద పడవలో గ్రంథాలయమును నడపి గట్లవెంబడి గ్రామములవారికి పుస్తకములందించిరి. వీరిలో ఒక్కరును పాఠకుడు తమ తలుపు తట్టువరకు ఊరక కూర్చుండలేదు. 1931లో మద్రాసునుండి ఎస్.ఆర్. రంగనాథన్‌గారు ప్రకటించిన గ్రంథాలయ సూత్రములైదింటికిని ప్రాణము పుస్తకము వినియోగము కొరకే కలదనుట; ఆ సత్యమును మనవారు కాళ్లతో నడచి ఆచరించి చూపిరి.

అట్టి వారసత్వముగల నగరమున బీరువాకు తాళమేల పడినది? కారణము తెలిసికొనకుండ ఉపాధ్యాయులను నిందించుట న్యాయము కాదు. ప్రభుత్వ పాఠశాలలో గ్రంథాలయ బాధ్యత సాధారణముగా ఏ తెలుగు పండితునిమీదనో, ఏ సాంఘికశాస్త్ర ఉపాధ్యాయినిమీదనో అదనముగా మోపబడును. ఆ బాధ్యతతోపాటు స్టాకు రిజిస్టరు చేతికి వచ్చును. వరుస సంఖ్య, గ్రంథము పేరు, వెల, చేరిన తేదీ అన్నియు అందులో నుండును. బదిలీ నాడు ఆ రిజిస్టరు ప్రకారము పుస్తకములన్నియు లెక్కకు రావలెను. రానిచో ఆ వెల తన జీతమునుండి కోసెదరేమో యను భయము. ఆ భయముచేత, పిల్లవాడు చింపిన పుస్తకము నష్టముగను, ఎవరును ముట్టని పుస్తకము భద్రముగను కనబడును. ఒక పాఠశాలలో నేనడిగినప్పుడు ఒక ఉపాధ్యాయిని బీరువా తెరచి చూపినది; లోపల పుస్తకములు వచ్చిన నాటి కట్టలు విప్పకుండనే ఉన్నవి, కట్టలమీద ఘాటుగ వాసన కొట్టు కలరా ఉండలు ఉన్నవి. ఆమె ముఖమున కనబడినది నిర్లక్ష్యము కాదు, బెంగ.

ఈ భయమునకు మందు కొత్తగా కనిపెట్టనక్కరలేదు. కేంద్రప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమములలో గ్రంథాలయములను గురించి ఒక ఉదారమైన మాట యున్నది: సంవత్సరములో ఇచ్చిన, చదివిన వేయి సంపుటములకు ఐదు పోయినను, అందు మోసమో అలక్ష్యమో లేనియెడల, దానిని సహజమైన నష్టముగ నెంచవచ్చునట. పుస్తకము తిరిగిన చోట అరుగుదల తప్పదని ధనమును కాపాడు శాఖవారే అంగీకరించినారన్నమాట. మన పాఠశాలలలో ప్రతి ప్రధానోపాధ్యాయుడును ఇట్టి హామీనొకదానిని కాగితముమీద వ్రాసి, సంతకముచేసి, గ్రంథాలయమును చూచు ఉపాధ్యాయుని చేతికిచ్చినచో బీరువాల తాళములు సగము తమంతట తామే ఊడివచ్చునని నాకు తోచుచున్నది.

ఇక చల్లని గదుల మాట. అచ్చట శిక్షణపొందిన లైబ్రేరియను ఉండును, ప్రతి పుస్తకమునకును బార్‌కోడు ఉండును, రంగురంగుల దిండ్లమీద పిల్లలు చతికిలబడి చదువుకొందురు. ఆ శ్రద్ధను నేను మనసార కొనియాడుదును. కాని అందును ఒక సన్నని తాళము కలదు. పిల్లవాని పఠనస్థాయిని పరీక్షించి, ఆకుపచ్చ చీటీగల పుస్తకమునే తీయవలెనని, ఎఱ్ఱ చీటీ అర దగ్గరకు పోరాదని కట్టడి చేయు పద్ధతి కొన్నిచోట్ల ఉన్నది. స్థాయిని తెలిసికొనుట ఉపాధ్యాయునకు ఉపకరించును. అది పిల్లవానికి కంచె కారాదు. గ్రహములపై మక్కువగల తొమ్మిదేండ్ల పిల్లవాడు తనకు సగము మాత్రమే అర్థమగు లావుపాటి ఖగోళ గ్రంథమును మోసికొనిపోయి బొమ్మలు చూచి తెచ్చినను అది చదువే. పదమూడేండ్ల పిల్ల అలసిన సాయంకాలము చిన్నపిల్లల బొమ్మల కథ తీసికొన్నను అదియు చదువే. ఏ పుస్తకము తనదో తేల్చుకొను అధికారము పిల్లలకు లేనిచోట చదువు నచ్చుట ఎట్లు?

నాకు బాగుగ నచ్చిన ఒక దృశ్యమును ఇచ్చట చెప్పవలెను. నగరపు పడమటి అంచున, కొత్త కట్టడముల నడుమ చిక్కిన ఒక ప్రాథమిక పాఠశాలలో ప్రత్యేకముగా గ్రంథాలయపు గది లేదు. వరండాలో ఈ కొసనుండి ఆ కొసకు ప్లాస్టిక్ తాడు కట్టి, బట్టలకు పెట్టు క్లిప్పులతో పలుచని కథల పుస్తకములను పిల్లల ఎత్తునకు వ్రేలాడదీసినారు. అట్టలన్నియు ఎదురుగా కనబడుచుండును. క్రింద ఒక బల్లమీద రెండువందల పేజీల నోటుపుస్తకము, దారముతో కట్టిన పెన్సిలు. పుస్తకము పేరు, తన పేరు, తీసికొన్న తేదీ, తెచ్చిన తేదీ పిల్లలే వ్రాసికొందురు. ఐదవ తరగతి పిల్లలిద్దరు ఆ వారమునకు పెద్దలు. చాల పుస్తకముల వీపులకు గోధుమరంగు టేపు అంటించియున్నది. మూడవ తరగతి పిల్ల యొకతె ఏనుగు బొమ్మయున్న పుస్తకమును క్లిప్పు విప్పి తీసికొనుచుండగా ఉపాధ్యాయిని ‘గదే మళ్ల తీస్కపోతున్నవేందమ్మా?’ యని అడిగినది. ‘మా తమ్మునికి సదివి చెప్పాలె టీచర్’ అని ఆ పిల్ల బదులు చెప్పినది. ఆ తమ్మునికి ఇంకను బడియీడు రాలేదు. తండ్రి తాపీపని, తల్లి ఇటుకలు మోయుట. ఆ ఇంట అచ్చుపుస్తకము అదియొక్కటే కావచ్చును. అది తాడుమీదినుండి దిగి, రేకుల గుడిసె చేరి, ఒక పాఠకురాలిని, ఒక శ్రోతను సంపాదించినది. ‘మళ్ల అదేనా, వేరేది తీసికో’ అని ఉపాధ్యాయిని అనకపోవుటను నేను ప్రత్యేకముగ గమనించితిని. ఒకే కథను పలుమార్లు చదువుట పిల్లలకు సహజమని, అందుచేతనే అక్షరము వారికి పట్టువడునని ఆమె ఎరిగినది.

బిగ్గరగా చదివి వినిపించుటను గురించి కొంత వివరముగ చెప్పెదను, ఏలయన గ్రంథాలయ కార్యక్రమములలో దీనికి ఖర్చు అతి స్వల్పము, ఫలము అత్యధికము. ఉపాధ్యాయుడు పుస్తకమును తనవైపు త్రిప్పుకొని చదువరాదు. బొమ్మ పిల్లలవైపు ఉండవలెను. ముందురోజు రాత్రి తానొకసారి చదివికొని రావలెను, ఎచ్చట గొంతు తగ్గింపవలెనో, ఎచ్చట ఆగవలెనో నిర్ణయించుకొనవలెను. పేజీ త్రిప్పుటకు ముందు ఒక్క నిమిషము ఆగినచో నలుబది జతల కన్నులు ఆ పేజీ అంచుమీదనే నిలుచును. కథ ముగిసిన పిదప ‘ఇందలి నీతి యేమి?’, ‘కుందేలునకు పర్యాయపదము లేవి?’ అని వెంటనే ప్రశ్నలు కురిపింపరాదు. విన్న కథ పిల్లల మనసున కొంతసేపు తనంతట తాను తిరుగాడవలెను. అడుగదలచుకొన్నచో పిల్లలే అడుగుదురు. ఆ పుస్తకమును నాకిండని చేయి చాచుదురు. ఆ చేయి చాచుటయే ఆ గంటకు పరీక్షాఫలితము.

2022 ఫిబ్రవరిలో తెలంగాణ విద్యాశాఖవారు ‘చదువు, ఆనందించు, అభివృద్ధి చెందు’ అను నూరు దినముల పఠన కార్యక్రమమును ఆరంభించి, దినమునకొక పీరియడు పాఠ్యేతర పుస్తకములకు కేటాయింపుడని బడులను కోరిరి. ఆ వరుసలో ఆనందమునకు అభివృద్ధికన్న ముందు స్థానమిచ్చుట నాకెంతయు హృద్యముగ నున్నది. నూరు దినములు ముగిసిన తర్వాతను ఆ పీరియడును నిలుపుకొన్న బడులే ధన్యములు. పరీక్షలు దగ్గరపడగానే లెక్కల ఉపాధ్యాయునకు ధారపోయబడు పీరియడు మొట్టమొదట ఇదియే యగుచున్నది, ఇది మానవలెను.

పిల్లలచేత చేయింపదగిన పనులు చాలగలవు. ఎనిమిదవ తరగతి పిల్లవాడు రెండవ తరగతి పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వారమునకొకసారి చదివి వినిపించుట ఇద్దరికిని మేలు. తరగతిలో తడబడు పెద్దపిల్లవాడు చిన్నవాని ముందు సిగ్గుపడకుండ చదువును. ఉదయపు ప్రార్థన వేళ ఒకరు తాము చదివిన పుస్తకమును గూర్చి రెండు నిమిషములు చెప్పవచ్చును, కథ చివర మాత్రము విప్పరాదు. గోడపత్రిక నడపవచ్చును. ఏటేట నవంబరు 14 నుండి 20 వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములలో ఒక దినమున చినిగిన పుస్తకములకు మైదాపిండి జిగురుతో అట్టలు వేయు పని పెట్టినచో, ఉపన్యాసములకన్న ఎక్కువగ పిల్లలకు పుస్తకముపై మమకారము కలుగును. అన్నిటికన్న నాకు ప్రియమైనది మరియొకటి: హైదరాబాదు పుస్తక ప్రదర్శన జరుగునప్పుడు తరగతికి ఇద్దరిని ఎన్నుకొని, బడి సొమ్ము కొంత వారి చేతిలో పెట్టి, ‘మన గ్రంథాలయమునకు మీరే కొని తెండు’ అని పంపుట. పెద్దలు కొన్న పుస్తకమును బిడ్డలు మెచ్చకపోవచ్చును. తమ తోటివాడు దుకాణములన్నియు తిరిగి, వెల బేరమాడి తెచ్చిన పుస్తకమునకై వరుసకట్టుదురు. ఎక్కువ పుస్తకములు చదివినవారికి బహుమానమను పోటీని మాత్రము నేను సమ్మతింపలేను. పలుచని పుస్తకముల నేరుకొని పేజీలు త్రిప్పుట తప్ప దానివలన అలవడునది లేదు.

తెలుగు పుస్తకముల అరను గూర్చి చెప్పక విడువలేను. డ్యూయీ దశాంశ వర్గీకరణమున తెలుగు సాహిత్యమునకు కేటాయించిన సంఖ్య 894.827. ఈ ప్రాంతపు పెద్ద పాఠశాలలలో ఆ సంఖ్యను వెదకుకొనిపోయినచో, తరచు చివరి వరుసలో, క్రింది అరలో, నిఘంటువు, వేమన, సుమతి శతకములు, ఎవరో దానమిచ్చిన నవలలు కొన్ని కనబడును. 2018 నాటి రాష్ట్ర శాసనము ఏ బోర్డునకు చెందిన పాఠశాలయైనను ఒకటి నుండి పదవ తరగతి వరకు తెలుగు బోధింపవలెనని విధించినది. బోధన జరుగుచున్నది, కాని మార్కులకొరకు మాత్రమే చదువబడు భాష ఇంటి చాపమీదికి రాదు. ఇంటిలో తెలుగు చక్కగ మాటలాడు బిడ్డలు తెలుగు అచ్చును చూచి వెనుదీయుచున్నారన్నచో, వారి ఈడునకు తగిన పుస్తకము వారి చేతికందకపోవుటయే ప్రధాన కారణమని నా అభిప్రాయము. పుస్తకములు లేకపోలేదు. నేషనల్ బుక్ ట్రస్టువారి బాలసాహిత్యము కలదు. ‘మంచి పుస్తకం’ వారు తక్కువ వెలకు అందించు చక్కని బొమ్మల కథలు కలవు. ప్రథమ్ బుక్స్‌వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలను ఉచితముగ చదువవచ్చును, అచ్చు తీసికొనవచ్చును. అందే ఒడియా, హిందీ కథలును ఉన్నవి గనుక, మేస్త్రీల వెంట వచ్చిన ఒడియా బిడ్డకు తన లిపిలో ఒక కథ అచ్చుతీసి ఇచ్చుట ఏ ఇంజనీరు తండ్రికైనను పది నిమిషముల పని.

మరియొక నిధి కూడ ఆ ప్రాంతమున ఎవరి కంటను పడక యున్నది. ఆ ఎత్తయిన అపార్టుమెంట్లలో మనుమలను చూచుకొనుటకై ఊళ్లనుండి వచ్చిన తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఎందరో కలరు. పగలెల్ల వారికి పొద్దుపోదు. కాశీమజిలీ కథలు, మర్యాదరామన్న తీర్పులు, పరమానందయ్య శిష్యుల అమాయకత్వము వారి నాలుకల చివరనున్నవి. పాఠశాల వారమున కొక గంట వారిని పిలిచి కథ చెప్పించినచో, ఆ కథయున్న పుస్తకమును ఆ ప్రక్కనే బల్లమీద నుంచినచో, కథ విన్న పిల్లవాడు ఆ పుస్తకమును వెంటబెట్టుకొని పోవును. ఈ విద్య రేడియోవారికి కొత్తది కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలై, పిల్లలను మైకుముందు నిలిపి, పిల్లలచేతనే కథలు చెప్పించి, పాటలు పాడించి, ఆ సంతోషము చెవితోనే ఆగిపోకుండ 1945లో ‘బాల’ పత్రికను నడిపి అచ్చుగ వారి చేతులకందించిరి. వినుటనుండి చదువుటకు వంతెన ఎట్లు కట్టవలెనో ఆ దంపతులు చూపినంత తేటగ మరెవరును చూపలేదు.

సొమ్ము మాట సంగ్రహముగ చెప్పెదను. మన ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయపు సెస్సుగ వసూలగుచున్నది. 1960 నాటి పౌర గ్రంథాలయముల శాసనము దీనికి మూలము. అద్దాల మేడలు లేచిన చోట ఆ పైసలు చిన్న మొత్తము కాజాలవు. శాఖా గ్రంథాలయము దూరమైన ప్రభుత్వ పాఠశాలలకు ఆ నిధినుండి పుస్తకముల పెట్టెలను నెలకొకటి చొప్పున బదులిచ్చి, ఈ బడి పెట్టెను ఆ బడికి మార్చు ఏర్పాటును గ్రంథాలయ సంస్థలవారు ఆలోచింపవలెనని సవినయముగ కోరుచున్నాను.

కడపట వేసవిని గూర్చి ఒక విన్నపము. మన రాష్ట్రమున ఏప్రిలు చివరి వారమున బడులు మూసి జూను 12వ తేదీన తెరచుట వాడుక. పిల్లలకు తీరిక మెండుగ నుండు ఆ ఏడు వారములు పుస్తకములు బీరువాలలోను, చల్లని గదులలోను బందీలై యుండును. వేసవికి ముందు పుస్తకములన్నియు రాబట్టి లెక్కచూచుట మనకు అలవాటైపోయినది. ఈ సంవత్సరము ఆ లెక్కను మార్చి నెలలోనే ముగించి, బడి ఆఖరు దినమున ప్రతి పిల్లవానిని అరల దగ్గరకు పంపి, నచ్చినవి ఐదేసి పుస్తకములు తీసికొనిపొమ్మనుడు. సంచిలేని పిల్లలకు ఒక గుడ్డసంచి యిండు. అట్ట లోపలి పేజీమీద బడి పేరు, తిరిగి తేవలసిన తేదీ పెద్ద అక్షరములతో వ్రాయుడు. సొంత ఊళ్లకు పోవు కూలీల బిడ్డలలో కొందరు తిరిగి రాకపోవచ్చును, వారితోపాటు కొన్ని పుస్తకములును రాకపోవచ్చును. ఆ పుస్తకములు పాలమూరులోనో బాలాసోరులోనో ఎవరో ఒకరి చేతిలో నుండును గనుక, వానిని రిజిస్టరులో పోయినవిగ గాక, ఇచ్చినవిగ వ్రాసికొనుడు. జూనులో బడి తెరచిన మొదటి వారము పాఠములు ఎట్లును నింపాదిగనే సాగును. ఆ వారము పిల్లలు తెచ్చిన పుస్తకములను వారిచేతనే సరిచూపించి, చినిగినవానికి అతుకులు వేయించి, ఎవరికేది నచ్చినదో అడిగి తెలిసికొని, ఆ మాటలనుబట్టి ఆ సంవత్సరము కొనవలసిన పుస్తకముల పట్టిక వ్రాయుడు.